బరంపురం, రాయగడ వైపు అద్దె కోసం ఇల్లు: పట్టా చూడటం నుంచి అప్పు తీరేదాకా

అద్దె కోసం ఇల్లు కొనాలనుకున్న చాలామంది ముందు బ్యాంకుకు వెళ్తారు. ఎంత అప్పు పుడుతుందో కనుక్కుని, ఆ డబ్బుకు తగిన ఇల్లు వెతుకుతారు. రిజిస్ట్రేషన్ దగ్గర పడ్డాక పట్టా చూస్తారు. అద్దె ఎంతొస్తుందన్న ఆలోచన టూలెట్ బోర్డు కట్టేటప్పుడు గానీ రాదు. ఇది పూర్తిగా తలకిందుల వరస. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఈ వరసలో పోతే రెండు విధాలా దెబ్బ. భూమి చట్టాలు ఆంధ్రలోలా ఉండవు కాబట్టి కొన్నది నిలవకపోవచ్చు. అద్దెలు తక్కువ కాబట్టి నిలిచినా ప్రతి నెలా జేబులోంచి వేసుకోవాల్సి రావచ్చు. అందుకే ముందు కాగితం, తర్వాత అద్దె, ఆ తర్వాతే అప్పు.

ముందు పట్టా

అమ్మేవాళ్లు ఇచ్చిన జిరాక్సుతో ఆగొద్దు. ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు ఇచ్చి మీరే పట్టా తీసుకోండి. అంతా ఒడియాలో ఉంటుంది. చదవడం రాకపోతే వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని గడి గడీ చదివించుకోండి. మొదటి పేజీలో రైతు (అంటే భూమి యజమాని) పేరు, తండ్రి పేరు, కులం, స్వత్వం (ఏ రకం హక్కు అన్నది) ఉంటాయి. స్వత్వం దగ్గర ‘స్థితిబాన్’, అంటే శాశ్వత హక్కు, అని ఉండాలి. ‘రఖిత్’, ‘సర్వసాధారణ’ లాంటి మాటలు కనిపిస్తే అది సర్కారు ఖాతా, అక్కడితో బేరం ఆపేయండి. రెండో పేజీలో ప్లాటు నంబరు, కిసం (భూమి రకం), విస్తీర్ణం ఉంటాయి. విస్తీర్ణం డెసిమల్స్‌లో రాస్తారు: ఒక డెసిమల్ అంటే 435.6 చదరపు అడుగులు, మన లెక్కలో 48.4 గజాలు. బ్రోకరు చెప్పిన గజాలను ఇలా మార్చి, పట్టాతో, నేల మీద టేపుతో మూడు వైపులా సరిచూడండి. మూడూ కలవకపోతే తహసీల్ అమీను (సర్వేయరు) చేత కొలిపించాకే ముందుకు కదలాలి.

కిసం దగ్గర ‘ఘరబారి’ అని ఉంటే ఇంటి స్థలం. ‘శారద’ అని ఉంటే వరిపొలం. దాని మీద రెండంతస్తుల మేడ లేచి ఉన్నా రికార్డులో అది పొలమే, బ్యాంకు గృహరుణానికి ఒప్పుకోదు. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర దాన్ని మార్పించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ అమ్మేవాళ్లే పడాలని అగ్రిమెంటులో రాయించండి. మారిన పట్టా చూశాకే పెద్ద మొత్తం ఇవ్వండి.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం) తీయండి. దాంతోపాటు తాజా ఖజణా (భూమి శిస్తు) రసీదు, పట్టణంలో అయితే హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) రసీదు చూడండి. ఇవి అమ్మేవాళ్ల పేరు మీదే ఉన్నాయా, ఇంకా వాళ్ల తాతగారి పేరు మీదే నడుస్తున్నాయా అన్నది ముఖ్యం. ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో ఉండేది. పాత దస్తావేజులు కొన్ని తెలుగులోనూ ఉంటాయి. అలాంటివి ఒడియా వకీలు పక్కన పెట్టేస్తే మీరు ఊరుకోవద్దు, చదివి అర్థం చెప్పండి. గొలుసులో ఎక్కడ తెగిందో వాటిలోనే దొరుకుతుంది.

పట్టా తాతగారి పేరు మీద ఉంటే లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అడగండి. అందులో ఆడపిల్లలను లెక్కపెట్టండి. ఇద్దరు అన్నదమ్ములు వచ్చి సంతకం చేస్తామంటారు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో కాపురం ఉన్న అక్కచెల్లెళ్ల ప్రస్తావనే ఉండదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన హక్కే. వాళ్ల సంతకం లేని దస్తావేజు మీద ఎప్పుడైనా దావా పడొచ్చు. ఇది వాళ్లకు న్యాయంగా రావాల్సిన వాటా కూడా. ‘తర్వాత చూసుకుందాం’ అంటే వినొద్దు.

షెడ్యూల్డ్ ప్రాంతమైతే

ఆదివాసీల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతాలను షెడ్యూల్డ్ ప్రాంతాలు అంటారు. రాయగడ, కోరాపుట్, మల్కాన్‌గిరి జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమే. గజపతిలో ఆర్. ఉదయగిరి తహసీల్, గుమ్మ, రాయగడ బ్లాకులు వస్తాయి. గజపతిలోని ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. బరంపురం పట్టణం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి బదిలీకి 1956 నాటి రెండో రెగ్యులేషన్ అనే చట్టం నడుస్తుంది. 2002 సవరణ తర్వాత ఆదివాసీ భూమిని ఆదివాసీ కాని వ్యక్తి కొనడం పూర్తిగా కుదరదు, ఎవరి అనుమతి ఉన్నా అది చెల్లదు. అమ్మకమే కాదు; లీజు, తాకట్టు, దానం, ఒప్పందం కూడా బదిలీ కిందికే వస్తాయి. కాబట్టి ‘స్థలం వాళ్లదే ఉంటుంది, ముప్పై ఏళ్లు లీజుకు తీసుకుని మనం గదులు కట్టుకుందాం’ అనే సలహా కూడా చెల్లదు. పనివాళ్ల పేరునో, తెలిసిన ఆదివాసీ కుటుంబం పేరునో కొనిపించడం ఇంకా ప్రమాదం. బినామీ చట్టం కింద ఆస్తి జప్తు అవుతుంది, ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. పోయే డబ్బు సంగతి అటుంచి, ఆ భూమి తప్ప మరో ఆధారం లేని కుటుంబం చేతిలోంచి దాన్ని లాక్కోవడం అది. ఏ లెక్కలోనూ దాన్ని పెట్టుబడి అనకూడదు.

ఆదివాసీ కాని వ్యక్తి నుంచి కొనొచ్చు. అయితే ఇప్పటి యజమాని కులం గడి చూస్తే చాలదు. 1956 నుంచి ఆ ప్లాటు ఎవరెవరి చేతులు మారిందో ప్రతి మెట్టూ చూడాలి. మధ్యలో ఎక్కడో ఒక ఆదివాసీ రైతు నుంచి చట్టవిరుద్ధంగా మారి ఉంటే, నాలుగో చేతిలో కొన్న మీ దగ్గర్నుంచి కూడా సబ్ కలెక్టర్ తిరిగి ఇప్పించవచ్చు. ముప్పై ఏళ్ల ఈసీ ఇక్కడ సరిపోదు. పాత సెటిల్‌మెంట్ పట్టాల నకళ్లు కావాలి.

షెడ్యూల్డ్ కాని చోట, అంటే బరంపురంలాంటి చోట, ఎస్సీ ఎస్టీ రైతు నుంచి ఆ వర్గం కానివాళ్లు కొనాలంటే భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద ముందే రాతపూర్వక అనుమతి ఉండాలి. తర్వాత తెచ్చుకుంటాం అంటే దస్తావేజు చెల్లదు.

అద్దెకు ఎవరొస్తారు?

ఊరు పెరుగుతోంది అన్న మాట మీద ఇల్లు కొనొద్దు. ఆ వీధిలో అద్దెకు ఉండేవాళ్లు ఎక్కడ పని చేస్తారో చూడండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల నర్సులు, ల్యాబ్ వాళ్లు, మందుల కంపెనీ వాళ్లు ఏడాది పొడవునా తిరుగుతుంటారు, ఇల్లు ఖాళీ ఉండే రోజులు తక్కువ. భంజవిహార్ యూనివర్సిటీ వైపు విద్యార్థుల మెస్‌లు నడుస్తాయి. లౌడిగాంలో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ) వచ్చింది కదా అని అక్కడ ప్లాట్లు చూపిస్తారు. అక్కడి విద్యార్థులు క్యాంపస్ హాస్టళ్లలోనే ఉంటారు. బయట అద్దె కావాల్సింది కాంట్రాక్టు సిబ్బందికి, వాళ్లకు చిన్న పోర్షన్లు చాలు.

గుణుపూర్‌లో జీఐఈటీ, పర్లాకిమిడి దగ్గర సెంచూరియన్ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల దగ్గర గదులు సెలవుల్లో ఖాళీ అవుతాయి. ఏడాదికి పది నెలల అద్దె మీదే లెక్క వేయండి. కాలేజీ కొత్త హాస్టల్ కడుతోందా అన్నది కూడా కనుక్కోండి. ఒక హాస్టల్ బ్లాకు లేస్తే ఆ వీధి మొత్తం అద్దెలు దిగుతాయి.

రాయగడలో 2025 జనవరి 6న కొత్త రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన జరిగింది. స్థలాల ధరలు కబురు వినగానే పెరుగుతాయి. అద్దెలు మాత్రం సిబ్బంది నిజంగా దిగాకే పెరుగుతాయి, ఆ సిబ్బందిలో కొందరికి క్వార్టర్లు కూడా వస్తాయి. జేకేపూర్ పేపర్ మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్ వైపు కూడా ఇదే చూడాలి: పర్మినెంట్ ఉద్యోగులు ఎంతమంది, కాలనీ బయట ఉండేవాళ్లు ఎంతమంది.

అద్దె తెలుసుకోవడానికి బ్రోకరును అడగొద్దు. ఆ వీధిలో అద్దెకున్న నాలుగిళ్ల వాళ్లను అడగండి. మీరు ఊహించిన దానికంటే తక్కువే వస్తుంది, ఆ అంకెనే వాడండి.

లెక్క

ఉదాహరణకు బరంపురంలో 40 లక్షల ఇల్లు, కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్, ఒక్కోదానికి 8,000 అద్దె అనుకుందాం. ఒడిశాలో స్టాంప్ డ్యూటీ మగవాళ్ల పేరున 5 శాతం, ఆడవాళ్ల పేరున 4 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. మగవాళ్ల పేరున అయితే 2.8 లక్షలు. వకీలు, కాగితాలు, మొదటి రిపేర్లు కలిపి మరో 1.2 లక్షలు. చేతినుంచి పడింది 44 లక్షలు.

ఏడాది అద్దె 1,92,000. అందులో ఒక నెల ఖాళీ 16,000, హోల్డింగ్ ట్యాక్స్ 4,000, రిపేర్లూ రంగులూ సగటున 15,000, ఇన్సూరెన్స్ 3,000 తీసేస్తే మిగిలేది 1,54,000. అంటే పెట్టిన 44 లక్షల మీద మూడున్నర శాతం. బ్యాంకు వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుందాం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడండి. పూర్తిగా అప్పు మీద రెడీమేడ్ ఇల్లు కొని అద్దెతో తీర్చేస్తామనే ఆశ ఇక్కడే తేలిపోతుంది.

మరి ఎంత అప్పు తీసుకోవచ్చు? నెలకు నికరంగా మిగిలేది దాదాపు 12,800. ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్ల ఈఎంఐ లక్షకు 868 రూపాయలు. భాగిస్తే సుమారు 14.8 లక్షలు. ఈ ఇల్లు మోయగల అప్పు అంతే. బ్యాంకు 32 లక్షలు ఇస్తానన్నా ఆ మిగతా 17 లక్షల ఈఎంఐని అద్దె కట్టదు, మీ జీతం కడుతుంది. అలా కట్టడానికి మీరు సిద్ధమైతే అది మీ ఇష్టం, కానీ తెలిసి చేయాలి. వడ్డీ ఒక శాతం పెరిగితే 15 లక్షల అప్పు మీద నెలకు దాదాపు 965 రూపాయలు ఎక్కువ పడుతుంది. దానికీ చోటు ఉంచుకోవాలి.

ఇప్పుడు రెండో దారి. మీకు ఇప్పటికే ఘరబారి స్థలంలో సొంతిల్లు ఉండి, పైన 14 లక్షలతో రెండు చిన్న పోర్షన్లు వేసి, రెండింటికీ కలిపి 13,000 అద్దె తెచ్చుకున్నారనుకోండి. ఒక నెల ఖాళీ, ఇతర ఖర్చులు 14,000 పోను ఏడాదికి 1,29,000 మిగులుతుంది. పెట్టుబడి మీద తొమ్మిది శాతానికి పైనే. 10 లక్షలు పదిహేనేళ్లకు అప్పు తీసుకుంటే ఈఎంఐ 9,850 లోపు, మిగిలే అద్దె నెలకు 10,750. అద్దే అప్పు తీరుస్తుంది. తేడా అంతా స్థలం ఖరీదులో ఉంది. ఈ పట్టణాల్లో అద్దె పెట్టుబడికి మేలైన దారి ఇదే అని మా గట్టి అభిప్రాయం: కొత్త ఆస్తి వెతికే ముందు మీ డాబా మీద చూడండి.

అయితే పైన కట్టే ముందు కింది పునాది, పిల్లర్లు ఆ బరువు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు రాసివ్వాలి. డాబా మీద వదిలేసిన చువ్వలు ఏళ్ల తరబడి ఉప్పుగాలికి తుప్పుపట్టి సన్నబడి ఉంటాయి. మేస్త్రి వాటికే కొత్త చువ్వలు కట్టేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ఇటుక గోడల మీదే నిలిచిన పాత ఇల్లయితే ఆ ఆలోచనే మానుకోండి. బరంపురంలో డెవలప్‌మెంట్ అథారిటీ ప్లాను మంజూరు లేకుండా పై అంతస్తు వేస్తే బ్యాంకు అప్పు ఇవ్వదు, రేపు అమ్మేటప్పుడు ఆ అంతస్తు విలువ లెక్కలోకి రాదు.

అప్పు

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం గృహరుణం 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షలదాకా 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వొచ్చు. ఇది గరిష్ఠ హద్దు, మీ హక్కు కాదు. ఇల్లు 10 లక్షలు మించితే స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఆ విలువలో కలపరు. కాబట్టి అవి మీ జేబులోంచే. బ్యాంకు వాల్యుయేషన్ అమ్మేవాళ్ల ధరకంటే తక్కువ వస్తే ఆ తేడా కూడా మీదే.

జీతం విశాఖలోనో పలాసలోనో వస్తూ ఆస్తి ఒడిశాలో ఉంటే, ముందే రెండు బ్రాంచీల్లోనూ అడగండి. ఆస్తి ఉన్న ఊరి బ్రాంచిలో ఒడియా కాగితాలు చూసే ప్యానెల్ వకీలు ఉంటాడు, ఫైలు త్వరగా కదులుతుంది. ఇల్లు అద్దెకే అన్న సంగతి దాచొద్దు. రాబోయే అద్దెలో కొంత భాగాన్ని ఆదాయంగా లెక్కవేసే బ్యాంకులున్నాయి.

కట్టుబడికి తీసుకునే రుణం ఒకేసారి రాదు. పునాది, స్లాబు, గోడలు, ఫినిషింగ్ అంటూ మెట్లు మెట్లుగా, పని అయ్యాక ఇంజనీరు చూసి వెళ్లాక వస్తుంది. మేస్త్రికి మాత్రం సిమెంటు, చువ్వలకు ముందే కావాలి. ఈ మధ్య ఖాళీలోనే చాలామంది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అది ఏడాదికి 24 శాతం. తొమ్మిది శాతం రాబడి ఇల్లు ఆ వడ్డీని ఎక్కడ మోస్తుంది? ఒక మెట్టు ఖర్చుకు సరిపడా సొంత డబ్బు పక్కన లేకుండా పని మొదలుపెట్టొద్దు. చీటీ పాడి డౌన్ పేమెంట్ కట్టడమూ ఇలాంటిదే. చీటీ వాయిదా, ఈఎంఐ రెండూ ఒకే నెలలో మీద పడతాయి.

దుకాణం గదులకు గృహరుణం రాదు. కమర్షియల్ రుణం వడ్డీ ఎక్కువ, కాలం తక్కువ. సొంతిల్లు తాకట్టు పెట్టి తీసే మార్ట్‌గేజ్ లోను కూడా గృహరుణం కంటే ఖరీదు. రుణంతోపాటు అంటగట్టే ఒకే ప్రీమియం ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, దాన్ని అప్పులో కలిపితే ఇరవై ఏళ్లూ దాని మీదా వడ్డీ కడతారు. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినా జరిమానా ఉండదు. బోనసో పంట డబ్బో వచ్చినప్పుడు మొదటి అయిదారేళ్లలో అసలులో వేస్తే ఎక్కువ కలిసొస్తుంది.

ఇల్లు సిద్ధం చేయడం, అద్దెకివ్వడం

గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, పలాస దగ్గర తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. అద్దెకిచ్చే గదికి రేకులు వేయొద్దు. ఖర్చు తగ్గుతుంది గానీ గాలికి హుక్కుల దగ్గరే చిరిగి లేస్తాయి. స్లాబు ఇంట్లో నీరు దిగేది మూడు చోట్ల: పిట్టగోడ స్లాబును కలిసే మూల, నీళ్ల ట్యాంకు దిమ్మె కింద, కిటికీ సన్‌షేడ్ పైన. సెప్టెంబరులోపు ఈ మూడు చోట్లా చీలిక చూసి పూడ్చండి, డాబా నీటి గొట్టాల్లో ఆకులు తీయించండి. ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే గాలికి ఎగిరిపోతుంది, తుపాను హెచ్చరిక వస్తే నింపి ఉంచమని అద్దెవాళ్లకు చెప్పండి. ఇన్సూరెన్స్‌కు ‘భారత్ గృహ రక్ష’ పాలసీ అడగండి, తుపాను, వరద అందులో ఉంటాయి. బీమా మొత్తం ఇల్లు తిరిగి కట్టే ఖర్చుకు సరిపడాలి, స్థలం విలువ కలపనక్కర్లేదు.

పోర్షనుకో మీటరు పెట్టించండి. దక్షిణ ఒడిశాలో కరెంటు ఇచ్చేది టీపీఎస్‌ఓడీఎల్ కంపెనీ. సబ్ మీటరు పెట్టి పంచుకుంటే ప్రతి నెలా గొడవే. ఇంటి కనెక్షన్ మీద అద్దెవాళ్లు టైలరింగ్ షాపో కిరాణానో నడిపితే, అనధికార వాడకం కింద రెండింతల టారిఫ్ బిల్లు మీటరు ఎవరి పేరున ఉందో వాళ్లకే, అంటే మీకే వస్తుంది. అగ్రిమెంటులో ఆ మాట రాయండి.

అగ్రిమెంటు పదకొండు నెలలకు రాసుకుంటారు, ఏడాది దాటే లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అద్దె, అడ్వాన్స్, ఏటా పెంపు, ఖాళీ చేయడానికి నోటీసు, అప్పగించేనాటి మీటరు రీడింగు, ఫ్యాన్లు, కుళాయిల లెక్క అందులో ఉండాలి. అద్దెకు వచ్చేవాళ్లకు తెలుగు రాకపోతే ఒడియాలోనే రాయించండి, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించుకోవడం న్యాయం కాదు. టూలెట్ బోర్డు కూడా రెండు భాషల్లో పెట్టండి. పోలీసు వెరిఫికేషన్ చేయించండి. అద్దె నగదుగా తీసుకుంటే రసీదు ఇవ్వండి, బ్యాంకు ఖాతాలోకైతే ఇంకా మంచిది. తర్వాతి రుణానికి ఆ ఖాతాయే సాక్ష్యం.

పన్ను, ఆఖరి కాగితాలు

వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన హోల్డింగ్ ట్యాక్స్ తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద బిల్లులు లేకుండానే తగ్గించుకోవచ్చు. ఆపైన రుణం వడ్డీ. పై ఉదాహరణలో 15 లక్షల అప్పుంటే మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 1,26,000, కాబట్టి పన్ను పడే అద్దె ఆదాయం మిగలదు. వడ్డీ ఇంకా ఎక్కువై నష్టం తేలితే పాత పన్ను విధానంలో 2 లక్షల దాకా జీతంలో సర్దుకోవచ్చు, కొత్త విధానంలో ఆ వీలు లేదు. నెలకు 50,000 మించి అద్దె కట్టే వ్యక్తి అందులోంచి 2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు, రిటర్నులో దాన్ని చూసుకోండి.

రిజిస్ట్రేషన్ అయిన వెంటనే తహసీల్‌లో మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు), మునిసిపాలిటీలో హోల్డింగ్ పేరు మార్పు చేయించండి. కరెంటు కనెక్షన్ పేరు కూడా. అప్పు పూర్తిగా తీరాక బ్యాంకు 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి, 2023 డిసెంబర్ 1 నుంచి ఇదే నిబంధన. కాగితాలు తీసుకునేటప్పుడు అప్పు ఇచ్చిన రోజు బ్యాంకు రాసిచ్చిన జాబితాతో ఒక్కొక్కటీ సరిచూడండి. నెల తర్వాత మళ్లీ ఒకసారి ఈసీ తీసి, తాకట్టు ఎంట్రీ రద్దయిందో లేదో చూడండి.